నైసియా సభ, అరియస్ వాదం: కొన్ని అపోహలు

క్రైస్తవ మతాన్ని గురించిన ముస్లిం ఉపన్యాసాలలోనూ, రచనలలోనూ నైసియా సభ ప్రస్తావన తరచుగా వస్తుంది. అంతవరకూ క్రైస్తవులందరూ హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను కేవలం మానవునిగా, ప్రవక్తగా విశ్వసించేవారనీ, క్రీ.శ. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ బిషప్పులను సమావేశపరచి, ఓట్లు వేయించి ఆయనను దేవునిగా ప్రకటింపజేశాడనీ, నాలుగు సువార్తలను మాత్రం ఉంచి తక్కినవి తగులబెట్టించాడనీ, ఏకదైవవాది అయిన అరియస్‌ను వెళ్లగొట్టాడనీ ఈ కథనం సాగుతుంది. ఇందులో కొంత నిజముంది, అధికభాగం నిజం కాదు. చరిత్ర చదివిన క్రైస్తవుడెవరైనా రెండు మూడు ప్రశ్నలతో దీనిని తోసిపుచ్చగలడు. అప్పుడు చెప్పేవాని తక్కిన మాటలకు కూడా విలువ లేకుండా పోతుంది. కనుక ఏది ఎంతవరకు నిజమో తెలుసుకోవడం అవసరం.

మొదటిది, క్రీస్తును ఆరాధించడం నైసియాలో మొదలు కాలేదు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియా రాష్ట్ర పాలకుడైన ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి ఒక లేఖ వ్రాశాడు. తన ఏలుబడిలోని క్రైస్తవులు తెల్లవారకముందే సమావేశమై, క్రీస్తును దేవునిగా భావించి స్తోత్రగీతం పాడుతారని అందులో తెలిపాడు. ప్లినీ క్రైస్తవుడు కాదు, వారిని శిక్షిస్తున్న అధికారి. నైసియా పట్టణం కూడా ఆ బితూనియాలోనిదే. అనగా అదే ప్రాంతంలో, సభకు రెండు వందల ఏండ్లకు పూర్వమే, ఈ ఆచారం ఉన్నదన్నమాట.

అయితే ఆ కాలంలో దీనికి భిన్నమైన విశ్వాసం లేకపోలేదు. యూద ధర్మశాస్త్రాన్ని పాటిస్తూ, ఈసాను మానవునిగానే భావించిన ఎబియోనీయులను గూర్చి 2వ శతాబ్దిలో ఇరేనియస్ వ్రాశాడు. ఆ శతాబ్ది చివర రోములో థియోడోటస్ అనే వాడు క్రీస్తు మానవుడేనని బోధించి సంఘం నుండి వెలివేయబడ్డాడు. అంతియొకయ బిషప్పు సమోసటా పౌలు ఇటువంటి బోధ కారణంగానే 268లో పదవి కోల్పోయాడు. ఈసా మానవత్వాన్ని నొక్కి చెప్పిన క్రైస్తవులను వెదకదలచినవారు చూడవలసింది ఈ వరుసను. అరియస్ ఈ కోవకు చెందినవాడు కాడు.

అరియస్ అలెగ్జాండ్రియాలో ఒక చర్చి గురువు. క్రీ.శ. 318 ప్రాంతంలో అతనికీ, బిషప్ అలెగ్జాండర్‌కూ వివాదం తలెత్తింది. తండ్రి ఒక్కడే అనాది. కుమారునికి ఆది ఉంది. అతడు శూన్యం నుండి సృష్టింపబడినవాడు అని అరియస్ వాదం. కాని ఆ కుమారుడు కాలానికి పూర్వమే ఉన్నాడనీ, సమస్త లోకాలనూ దేవుడు అతని ద్వారానే సృష్టించాడనీ కూడా అతడు బోధించాడు. కనుక వాదం క్రీస్తు మానవుడా, దేవుడా అన్నది కాదు. లోకసృష్టికి ముందే ఉన్నాడని ఉభయులూ ఒప్పుకున్న కుమారుడు తండ్రితో సమానుడా, లేక తండ్రి చేత సృష్టింపబడినవాడా అన్నదే ప్రశ్న.

324లో లిసీనియస్‌ను ఓడించి సామ్రాజ్యమంతటికీ ఏకైక ప్రభువైన కాన్‌స్టాంటైన్‌కు మతంలోని చీలిక రాజ్యానికి ప్రమాదంగా తోచింది. మొదట కార్డోబా బిషప్పు హోసియస్ ద్వారా ఉభయ పక్షాలకూ లేఖ పంపి, ఇది అల్పవిషయమని నచ్చజెప్పబోయాడు. అది ఫలించక నైసియాలో సభ పిలిచాడు. వచ్చినవారు 318 మంది అని సంప్రదాయం. సభలో పాల్గొన్న కైసరియా యుసేబియస్ మాత్రం 250కి పైగా అన్నాడు. కుమారుడు తండ్రితో 'హోమోఊసియోస్', అనగా 'ఏకసత్తాకుడు' అనే గ్రీకు పదాన్ని సభ తన విశ్వాస ప్రమాణంలో చేర్చింది. ఆ పదం బైబిలులో లేదు. దానిని అంగీకరించడానికి తనకు కలిగిన సంకోచాన్నీ, చక్రవర్తి ఇచ్చిన వివరణనూ యుసేబియస్ తన సంఘానికి వ్రాసిన లేఖలో తెలిపాడు. ఇద్దరు లిబియా బిషప్పులు సంతకానికి నిరాకరించి అరియస్‌తోపాటు దేశబహిష్కృతులయ్యారు. రాజదండన భయం సభపై లేదని ఎవరూ అనలేరు.

సువార్తల ఎంపిక మాత్రం ఆ సభలో జరగలేదు. సభ చేసిన 20 శాసనాలలో గ్రంథాల ఊసే లేదు. గ్రంథాలను బల్లపై పెట్టగా నిజమైనవి పైన నిలిచి, అబద్ధమైనవి క్రింద పడ్డాయన్న కథ 9వ శతాబ్దపు ఒక గ్రీకు సంకలనంలో కనిపిస్తుంది. దానిని ఐరోపాలో ప్రచారం చేసినవాడు వోల్టేర్. నేటి 27 పుస్తకాల పట్టిక సరిగ్గా అదే రూపంలో మొదట కనిపించేది 367లో అథనాసియస్ వ్రాసిన లేఖలో.

పైగా నైసియాతో వివాదం ముగియలేదు. అరియస్‌ను కాన్‌స్టాంటైనే వెనక్కి పిలిపించాడు. మరణానికి ముందు, 337లో, ఆ చక్రవర్తికి బాప్తిస్మమిచ్చిన నికొమీడియా యుసేబియస్ అరియస్ పక్షం వహించినవాడే. కాన్‌స్టాంటైన్ కుమారుడు కాన్‌స్టాంటియస్ నైసియా పదాన్ని వ్యతిరేకించాడు. 359, 360 సంవత్సరాలలో జరిగిన సభల చేత కుమారుడు తండ్రిని 'పోలినవాడు' అని మాత్రమే చెప్పించాడు. నైసియా పక్షాన నిలిచిన అథనాసియస్ ఐదుసార్లు ప్రవాసానికి పోవలసివచ్చింది. చివరకు 380లో థియోడోసియస్ చక్రవర్తి శాసనం, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా పక్షాన్ని స్థిరపరిచాయి. నేడు తెలుగు చర్చీలలో కూడా నైసియా పేరుతో పఠించే విశ్వాస ప్రమాణం ఈ 381 సభకు చెందినదిగా చెప్పబడేదే. గోతులు మాత్రం చాలాకాలం అరియస్ పక్షీయులుగానే ఉండిపోయారు. స్పెయిన్‌లోని గోతులు ఆ మతాన్ని విడిచింది 589లో.

ముస్లిం పండితులలో ఈ సంగతిని స్పష్టంగా గుర్తించినవాడు కార్డోబాకు చెందిన ఇబ్న్ హజ్మ్ (మరణం 1064). అరియస్ మతం శుద్ధ తౌహీద్ అనీ, ఈసాను అతడు సృష్టింపబడిన దాసునిగా భావించాడనీ ఆయన వ్రాశాడు. అయితే ఆకాశాలనూ భూమినీ దేవుడు సృష్టించింది ఆ 'వాక్యం' ద్వారానేనని అరియస్ నమ్మాడని కూడా వెంటనే చేర్చాడు. మనవారు మొదటి సగాన్ని ఉదహరించి రెండవ సగాన్ని వదిలివేస్తారు. అదేవిధంగా, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హిరకల్ చక్రవర్తికి పంపిన లేఖలోని 'అరీసియ్యీన్' అనే పదానికి అరియస్ అనుయాయులని కొందరు అర్థం చెప్పారు. కాని ఎక్కువమంది వ్యాఖ్యాతలు దానికి రైతులు, అనగా సామాన్య ప్రజలు అనే అర్థం చెప్పారు. భిన్నాభిప్రాయం ఉన్నచోట ఒక్క అర్థాన్నే ప్రమాణంగా చూపడం పండితులకు తగదు.

అపోహలు తొలగిన తరువాత కూడా మిగిలే చరిత్ర చిన్నది కాదు. ఒక విశ్వాస ప్రమాణంలోని ముఖ్యపదం గ్రంథంలో లేనిదనీ, అది నిలదొక్కుకోవడానికి 56 సంవత్సరాలు పట్టిందనీ, ఆ కాలంలో సింహాసనం ఎటు మొగ్గితే సభలు చాలావరకు అటు మొగ్గాయనీ క్రైస్తవ చరిత్రకారులే అంగీకరిస్తారు. ఈ సత్యం చాలినప్పుడు కల్పన ఎందుకు? ఒక జాతి పట్ల గల ద్వేషం సైతం న్యాయాన్ని విడిచేలా చేయరాదని 'అల్ మాయిదా' సూరాలో విశ్వాసులకు ఆజ్ఞ ఉంది. ఇతరుల చరిత్రను చెప్పేటప్పుడు కూడా ఆ ఆజ్ఞ వర్తిస్తుంది.