ఉస్మానియాకు కాపలా గండిపేటలో

ఉస్మానియా ఆసుపత్రి గురించి ఎవరు రాసినా 1925లో పూర్తయిన గుమ్మటాల భవనంతో మొదలుపెడతారు. నాకు మాత్రం 1908 సెప్టెంబరు 28 ముందు గుర్తొస్తుంది. 1866 నుంచి హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున జనానికి వైద్యం చేస్తున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఆ రోజు వరద తుడిచిపెట్టేసింది. సుమారు 15 వేల మంది పోయారని అంచనా. వైద్యం అత్యవసరమైన రోజునే ఊరికి ఆసుపత్రి లేకుండా పోయింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కిన నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఊళ్లో జరిగిన నష్టం చూసి ఊరుకోలేదు. ఎగువన ఏం జరిగిందో ఆరా తీశారు. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగాయని తేల్చారు. పై చెరువు కట్ట తెగి ఆ నీరు కింది చెరువు మీద పడింది, అదీ తెగింది. అలా అంతా కలిసి ఊరి మీదికొచ్చింది. ఆయన సలహాతోనే మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. ఆసుపత్రిని మళ్లీ అదే ఒడ్డున ఉస్మానియాగా కట్టే ధైర్యం ఈ రెండు కట్టల ఆలోచనే ఇచ్చిందని నా నమ్మకం.

అయితే ఆ జలాశయాలు ఊరికి మంచినీళ్లు కూడా ఇవ్వాలి. తాగునీటికి చెరువు నిండుగా ఉండాలి. వరద ఆపాలంటే అందులో ఖాళీ ఉండాలి. ఈ రెండూ ఏ ఒక్క శాఖ చేతిలోనో తెమిలేవి కావు. గేటు ఎప్పుడు ఎత్తాలో జలమండలి నిర్ణయిస్తే, ఆ కబురు దిగువన పోలీసులకు, మున్సిపాలిటీకి, ఆసుపత్రికి వేళకు చేరాలి.

2020 జూలైలో కరోనా కాలంలోనే ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. అప్పుడు మూసీ పొంగలేదు. వానకు డ్రైనేజీ ఎదురుతన్నింది. నర్సులు మురుగునీళ్లలో నడుస్తూ రోగులను చూసుకున్నారు. ఆ నెలలోనే పాత భవనాన్ని ఖాళీ చేయించారు. నదికి కట్ట కట్టినా వీధి కాలువను పట్టించుకోకపోతే మంచం కిందికి నీళ్లు వస్తాయి.

గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ జనరేటర్లు, కరెంటు ప్యానెళ్లు, ఆక్సిజన్ ట్యాంకులు, బ్లడ్ బ్యాంకు ఎంత ఎత్తున పెట్టాలో డాక్టర్లు, కరెంటు ఇంజనీర్లు, డ్రైనేజీ సిబ్బంది కలిసి కూర్చుని తేల్చాలి. నీళ్లలో నడిచిన ఆ నర్సులనూ ఆ సమావేశానికి పిలవాలి.