నేలక్రింది బాటలో వెలుగుల కళ

రాచబాటపై నిర్భయముగా నడచువాడు సైతము రైలుకట్ట క్రింది దారి ఎదురైనప్పుడు ఒక్క క్షణము తటపటాయించును. లోపల తేమ, చీకటి, తన అడుగుల చప్పుడే తన్ను వెంబడించుచున్నట్లు తోచు భ్రమ. ఆవలి గట్టు కనబడుచునే యుండును. అయినను మనస్సు ముందునకు సాగదు. ఈ సంకోచమును పోగొట్టుటకు మానవుడు దీపమును ఎట్లు వాడుకొనెనో తెలుపు కథ రెండువందల యేండ్లనాటిది. అది లండను నగరమున ఆరంభమైనది.

థేమ్సు నది అడుగున సొరంగము త్రవ్వుటకు మార్క్ బ్రూనెల్ అను ఇంజనీరు 1825లో పూనుకొనెను. ఓడల కొయ్యను తొలుచు ఒకజాతి పురుగు తన తలను గుల్లతో కాపాడుకొనుచు ముందునకు పోవు తీరును చూచి, ఆయన కూలీలను కాపాడు ఇనుప చట్రమును కల్పించెనని చెప్పుదురు. చట్రమెంత గట్టిదైనను నది ఊరకుండలేదు. 1827 మే నెలలో నీరు లోనికి విరుచుకొని పడినది. పనివారికి బెదురు, సొమ్ము పెట్టినవారికి అనుమానము పుట్టినవి.

అప్పుడు బ్రూనెల్ కుమారుడు ఇసంబార్డ్ ఒక చిత్రమైన ఉపాయము పన్నెను. అతనికప్పుడు ఇరువదియొక్క యేండ్లు. ఆ సంవత్సరము నవంబరు 10వ తేదీ రాత్రి, నీటిని తోడివేసిన ఆ సొరంగములోనే విందు చేసెను. గోడలకు ఎఱ్ఱని తెరలు కట్టించి, గ్యాసు దీపపు గుత్తులు వెలిగించి, సైనిక వాద్యబృందమును రప్పించెను. పెద్దమనుష్యులు ఒక కమాను క్రిందను, పనివారు ప్రక్క కమాను క్రిందను భుజించిరి. నేలక్రింది బాటలో వెలుతురును జనుల ధైర్యము కొరకు అలంకారముగా అమర్చిన తొలి ఘట్టములలో దీనిని ఒకటిగా ఎన్నవచ్చును. కాని దీపము భయమును మాన్పగలదే గాని నదిని ఆపజాలదు. రెండు నెలలు దాటిన వెంటనే, 1828 జనవరి 12న, నీరు మరల పొంగివచ్చి ఆరుగురు పనివారిని పొట్టబెట్టుకొనెను. ఇసంబార్డ్ చావు తప్పి బయటపడెను. పని ఏడేండ్లు నిలిచిపోయినది.

తుదకు 1843 మార్చి 25న సొరంగమును తెరచిరి. పొడవు సుమారు 1,300 అడుగులు. బండ్లు దిగుటకు వలసిన వాలుదారులు కట్టుటకు డబ్బు చాలకపోవుటచే అది పాదచారుల బాటగనే మిగిలినది. రుసుము ఒక పెన్నీ. తొలి కొద్ది నెలలలోనే ఇంచుమించు పదిలక్షలమంది దిగి చూచిరి. రెండు బాటలను కలుపు కమానులలో గ్యాసు దీపముల క్రింద చిన్న చిన్న అంగళ్లు వెలసినవి. నది అడుగున తిరునాళ్లు! అయితే వింత పాతబడిన కొలది సందడి తగ్గినది. 1855లో దానిని చూచిన అమెరికా రచయిత నథానియల్ హాథార్న్‌కు ఆ దీపముల బారు దిగులునే కలిగించినది. దొంగలకు నెలవన్న అపకీర్తియు వచ్చినది. దీపములు ఆరిపోయి కాదు, నడచువారు తగ్గిపోయి ఆ బాట చెడినదని నా తలంపు. 1865లో దానిని రైల్వే కంపెనీకి అమ్మివేసిరి. 1869లో రైళ్లు ప్రవేశించినవి.

ఇక దీపమే కళగా మారిన వైనము. 1910లో జార్జి క్లాడ్ పారిస్ ప్రదర్శనలో నియాన్ వెలుగును చూపెను. అది వర్తకుల పాలబడినది. 1963లో డాన్ ఫ్లావిన్ అను అమెరికను అంగడిలో దొరకు ట్యూబులైటునే గోడకు ఏటవాలుగా బిగించి శిల్పమనెను. నవ్వినవారు ఉండకపోరు. కాని వెలుగు బొమ్మను చూపు సాధనము మాత్రమే కాదు, వెలుగే బొమ్మ కావచ్చునని అతడు నిరూపించెను. ఎఱుపు, పచ్చ ఎల్.ఇ.డి.లు అంతకుముందే ఉన్నను, తగిన కాంతిగల నీలము 1990ల ఆరంభమున గాని చేతికందలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురలకు 2014లో నోబెల్ బహుమతి లభించినది. మూడు రంగులు కూడినచో ఏ వన్నెయైనను పుట్టును. యంత్రము ఆజ్ఞాపించినచో క్షణక్షణము మారును. విద్యుత్తు వ్యయము స్వల్పము.

ఈ సౌకర్యమును బిల్ ఫిట్జ్‌గిబ్బన్స్ అను శిల్పి వంతెనల క్రిందికి కొనిపోయెను. సాన్ ఆంటోనియో నగరమున ఎత్తైన రహదారి క్రింద 2006లో వెలుగులు అమర్చి, తరువాత 2013లో అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరమునకు వచ్చెను. ఆ ఊరు 1871లో రైలుమార్గముల కూడలియందే పుట్టినది. కన్నతల్లియైన రైలుకట్టయే నగరమును ఉత్తర దక్షిణములుగా చీల్చినది. దక్షిణమున 2010లో అందమైన ఉద్యానము వెలసినను, దానిని చేరుటకు పదునెనిమిదవ వీథిలో చీకటి కమానును దాటవలసివచ్చెడిది. ఆ కమాను క్రిందనే నీలము, ఊదా, ఎఱుపు కాంతులు అలలవలె మారుచు గోడలపై ప్రాకునట్లు ఆయన అమర్చెను. ఎవరును పోగూడని చోటనిపించుకొన్న దారి క్రింద జనులు ఆగి ఫోటోలు తీసికొనసాగిరి. బ్రూనెల్ విందునాటి ఎఱ్ఱతెరలు నాకు ఇచ్చట జ్ఞప్తికి వచ్చును.

సైకిళ్లవారి వంతు హాలెండు దేశమున వచ్చినది. చిత్రకారుడు వాన్ గో కొంతకాలము నివసించిన న్యూనెన్ చెంత 2014లో రోజ్‌గార్డ్ అను కళాకారుడు పగలు వెలుతురును త్రాగి రాత్రి మెరయు రాళ్లను బాటలో పొదిగించెను. నడి ఆకసము నేలకు దిగినట్లుండునట.

థేమ్సు సొరంగమున నేటికిని రైళ్లు పోవుచునే యున్నవి. మరమ్మతుల పిమ్మట రాకపోకలు మరల ఆరంభము కాక మునుపు, 2010 మార్చిలో రెండు దినములు ప్రజలను అందులో కాలినడకను పోనిచ్చిరి. పట్టాల ప్రక్కగా, పాత కమానుల వరుసను చూచుకొనుచు, వారు ఈ గట్టునుండి ఆ గట్టునకు నడచిరి.