బాయికాడి కరెంటు, ఓటు, ఎండ



జహీరాబాదు తాలూకా ఒకప్పుడు బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరులో మెదకు జిల్లాకు వచ్చినది. ఆ రోజులలో చెరుకు తోటకైనా, అల్లం మడికైనా బాయి నీరు తోడేది మోటే. ఎడ్లు బాటలో దిగాలి, బొక్కెన పైకి రావాలి. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడినది. ఆపైన ఏండ్ల మీద ఏండ్లకు తీగ ఊరు దాటి బాయికాడికి నడిచింది. ఎడ్లకు ఊపిరాడింది.

తొలుత మోటారుకు మీటరు ఉండేది. 1980 దాటినాక హార్సుపవరు లెక్క వచ్చింది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వములో హార్సుపవరుకు ఏడాదికి 50 రూపాయలు. ఎంత తోడినా అంతే. రైతుకు తేలికే. కాని పొలములో ఎన్ని యూనిట్లు కాలినవో ఎవరికీ సరిగా తెలియని స్థితి వచ్చినది. తరువాతి గొడవలలో సగానికి మూలము ఇదేనని నా అభిప్రాయము.

1999 ఫిబ్రవరిలో బోర్డు ముక్కలైనది. ఉత్పత్తి ఒక సంస్థకు, సరఫరా ఇంకొకదానికి పోయినవి. మరుసటి ఏడు పంపిణీ కంపెనీలు పుట్టినవి. ధర కట్టే పని నియంత్రణ మండలిది. 2000లో చార్జీలు పెరిగితే జనము రోడ్డెక్కారు. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. 2004 ఎన్నికలలో ప్రభుత్వము మారినది. మే 14న రాజశేఖరరెడ్డిగారి తొలి సంతకము ఉచిత కరెంటు ఫైలు మీదనే పడింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల సరఫరా మొదలైతే, ఆటోస్టార్టర్లు తీసివేయండని సర్కారే చెప్పవలసి వచ్చినది. మనిషి నిద్రపోతుంటే మోటారు నడిస్తే బోరు ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

ఉచితమంటే ఎవరూ కట్టరని కాదు. ఆ సొమ్ము ఖజానా నుండి కంపెనీకి చేరాలి.

మనము అభ్యర్థికి ఓటు వేస్తాము. కరెంటు మాట ఆయన వెంట వస్తుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలలో ప్రశ్ననే ఓటుకు పెడతారు. 2016 నవంబరు 8న ఫ్లోరిడాలో సౌరశక్తిపై ఒక ప్రతిపాదన వచ్చినది. ఇంటిమీద సౌరఫలకలు పెట్టుకునే హక్కు నీదేనని పైకి తియ్యగా ఉంది. లోపల, ఫలకలు లేనివారి మీద భారము పడరాదనే పేరుతో కట్టుబాట్లకు దారి ఉంది. దాని వెనుక ఉన్నవి కరెంటు కంపెనీలే; రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినది. సగానికి మించి ఓట్లు వచ్చినా, నూటికి 60 రాలేదు కనుక వీగిపోయింది.

ఆ తియ్యటి మాటల సంగతి మనకూ పనికి వస్తుంది. 2019లో కేంద్రము కుసుమ్ పథకము తెచ్చినది. బీడు భూమిలో, సబ్‌స్టేషనుకు దగ్గరగా, 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సౌరకేంద్రము పెట్టి, కరెంటును పంపిణీ కంపెనీకే అమ్మవచ్చును. ఇన్నాళ్ళూ కొన్న రైతు ఇక అమ్మేవాడు. ఒప్పందము 25 ఏండ్లది! కాగితము మీద వేలు పెట్టక ముందు యూనిటు ధర ఎంత, సొమ్ము ఎన్నాళ్ళకు చేతికందుతుంది, లైను చెడితే నష్టము ఎవరిది అని అడగండి. భూమి కౌలుకిచ్చేవారు కౌలు ఎవరు కట్టాలో రాయించుకోండి. నియంత్రణ మండలి ధరలు కట్టే ముందు బహిరంగ విచారణ పెడుతుంది. నోటీసు పత్రికలలో పడుతుంది. అక్కడ కంపెనీవారు లెక్కలతో వస్తారు. మన ఊరి నుంచి కూడా ఇద్దరు లెక్కలు పట్టుకొని వెళ్ళండి.