ఇరానీ హోటల్: వలస వచ్చిన రుచి, అందరి బల్ల

చరిత్ర ఆధారాలు కోటల్లోనే కాదు, హోటల్ బల్లల మీదా దొరుకుతాయి. తూర్పు ఐరోపా నుంచి న్యూయార్క్ వలస వెళ్లిన యూదులు అక్కడ డెలికటెసెన్‌లు తెరిచారు. 1888లో మొదలైన కట్జ్ వాటిలో ప్రసిద్ధమైనది. యూదు మత నియమం మాంసాన్ని, పాలను కలిపి తిననివ్వదు. అందువల్ల ఆ నియమం పాటించే హోటల్లో మాంసంతో పాల చాయ్ ఉండదు.

దీనికి దగ్గరి ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. ఇరాన్ నుంచి వలస వచ్చినవారు 20వ శతాబ్దంలో ఇక్కడ చాయ్ హోటళ్లు నడిపారు. ఆబిడ్స్ గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఇరాన్‌లో పాలు లేకుండా తాగే చాయ్‌కి ఇక్కడ చిక్కటి పాలు తోడయ్యాయి. దాని పక్కన కీమా సమోసా, ఉస్మానియా బిస్కెట్ చేరాయి. అంటే వలస వచ్చినవారు నగరాన్ని మార్చారు, నగరం వారి రుచిని మార్చింది.

అయితే అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అన్నిచోట్లా సాధ్యమైందా? తెలుగు పల్లెల్లో అనేక హోటళ్లు దళితులకు వేరే గ్లాసు పెట్టాయి. దీన్నే రెండు గ్లాసుల పద్ధతి అంటారు.

అభ్యాసం: సిద్దిపేటలో మీకు తెలిసిన పెద్దలను అడగండి. వారు మొదట హోటల్లో చాయ్ ఎప్పుడు తాగారు? పక్కన ఎవరు కూర్చున్నారు? గ్లాసు అందరికీ ఒకటేనా? జవాబులను తేదీ వేసి రాసుకోండి. రాతపూర్వక ఆధారం లేనిచోట ఆ జ్ఞాపకమే ఆధారం.