వాయుదూత్ వాటాకు వచ్చిన మెట్ట

వాయుదూత్ పేరెత్తితే ఆ తరం వాళ్లు చాలామంది ఒకే మాట అంటారు: సర్కారు సంస్థ, నష్టాల్లో పుట్టింది, నష్టాల్లోనే పోయింది. అందులో అబద్ధమేమీ లేదు. 1981 జనవరిలో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ చెరిసగం వాటాతో పెట్టిన ఈ చిన్న ఊళ్ల విమాన సంస్థ పట్టుమని పన్నెండేళ్లే తిరిగింది. 1993లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలపాలని తేల్చారు. 1997 కల్లా ఆ పేరే లేకుండా పోయింది. నష్టం వచ్చిందన్నది సరే, ఎందుకు వచ్చిందన్నదే అసలు పేచీ. నా లెక్కలో వాయుదూత్ దెబ్బతిన్నది నడిచిన తీరు వల్ల కొంత, వేరు పెట్టిన తీరు వల్ల ఎంతో. మాగాణి అంతా అన్న తన పేరనే ఉంచుకుని, తమ్ముడికి మెట్ట చెక్క పంచిచ్చి, ఏడాది తిరక్కుండానే పంటేదిరా అని నిలదీసిన కథ ఇది.

అంతకుముందు ఈ పంపకమే లేదు. 1953లో ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌గా చేశారు. బేగంపేట నుంచి ఎగిరే మన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఆ ఎనిమిదిలో ఒకటి. వాటి చేతిలో ఎక్కువగా ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన డకోటా విమానాలు. డకోటా గడ్డి మైదానంలోనైనా దిగుతుంది, కాబట్టి చిన్న ఊరికీ పెద్ద ఊరికీ ఒకే విమానం, ఒకే ఖాతా సరిపోయేది. 1964లో కారవెల్ జెట్ వచ్చింది, కొన్నేళ్లకు బోయింగ్ 737 వచ్చింది. జెట్‌కు పొడవైన గట్టి రన్‌వే కావాలి, నింపడానికి వందమంది కావాలి. డకోటాలు మూలకు చేరేకొద్దీ చిన్న ఊళ్లు ఒక్కొక్కటే టైమ్‌టేబుల్‌లోంచి జారిపోయాయి. ఎక్కువగా నష్టపోయింది ఈశాన్యం. దేశ విభజనతో త్రిపురకు, కలకత్తాకు మధ్య పరాయి దేశం అడ్డొచ్చింది. నేల మీద వెళ్లాలంటే అస్సాం మీదుగా చుట్టు తిరిగి రావాలి. కైలాషహర్, కమల్‌పుర్ లాంటి ఊళ్లలో విమానం ధనవంతుల సరదా కాదు. వాయుదూత్‌ను మొదట పెట్టింది ఆ ప్రాంతం కోసమే.

దాని విమానాన్ని కాస్త దగ్గర్నుంచి చూస్తే లెక్క తెలుస్తుంది. మొదట్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ దగ్గరి ఫాకర్ ఫ్రెండ్‌షిప్‌లు ఇచ్చారు. తరవాత డోర్నియర్ 228 వచ్చింది. జర్మనీతో 1983లో ఒప్పందం చేసుకుని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కాన్పూర్‌లో దీన్ని తయారుచేసింది. రెక్కలు నెత్తిన ఉంటాయి. లోపల పందొమ్మిది సీట్లు, నడవకు అటొకటి ఇటొకటి. లోపలి గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు గనక మరీ ఎత్తుకు పోలేదు. వానాకాలంలో మబ్బు మీదుగా కాదు, మబ్బులోంచే ఊగుతూ పోవాలి. కురచ రన్‌వే మీద లేచి దిగడంలో మాత్రం దానికి సాటి తక్కువ. ఇప్పుడు లెక్కకు వద్దాం. నూట ఎనభై సీట్ల విమానంలో ఆరు ఖాళీగా పోతే మూడు శాతం రాబడి పోతుంది. పందొమ్మిదింటిలో ఆరు ఖాళీ అయితే దాదాపు మూడో వంతు పోయినట్టే. పైలట్లు అక్కడా ఇద్దరే, ఇక్కడా ఇద్దరే. ఊరికో స్టేషన్ మేనేజరు, లోడర్లు, అగ్నిమాపక బండి తప్పవు, రోజుకు ఒక్క విమానమే వచ్చినా సరే. ఎంత పొదుపుగా నడిపినా ఈ లెక్క ఒంటరిగా నిలబడదు. పక్కన పండే మాగాణి ఉండాలి.

ఆ మాగాణి ఢిల్లీ, బొంబాయి, మద్రాసు రూట్లు. అవి ఇండియన్ ఎయిర్‌లైన్స్ దగ్గరే ఉండిపోయాయి. మన ఆర్టీసీని ఎవరైనా రెండు ముక్కలు చేసి, ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఒక సంస్థకు, పల్లెవెలుగులన్నీ ఇంకో సంస్థకు ఇచ్చి, రెండోదాన్ని లాభం చూపించమని అడిగారనుకోండి. నవ్వుతాం. విమానాల దగ్గరికొచ్చేసరికి ఆ మాటే సంస్కరణ అనిపించుకుంది.

నాయకులు తలా ఒక ఊరు అడిగారు, వాయుదూత్ కాదనలేకపోయింది, అందుకే మునిగిందని ఒక వాదన ఉంది. నిజమే. ఈశాన్యం కోసం పుట్టిన సంస్థ కొన్నేళ్లలోనే దేశమంతటా వంద ఊళ్ల దాకా పాకింది. అన్ని ఊళ్లకు సరిపడా విమానాలు గానీ, చేయి తిరిగిన సిబ్బంది గానీ దానికి లేవు. 1988 అక్టోబరు 19న గౌహతి దగ్గర దాని ఫాకర్ కూలి 34 మంది పోయారు. ఈ విస్తరణను నేను సమర్థించను. కానీ అడిగినవాడి జేబులోంచి పైసా పోనప్పుడు ఏ ఊరు అడగదు? ఏ రూటు నష్టాన్ని ఎవరు భరించాలో మొదటే కాగితం మీద పెట్టి ఉంటే, అడిగేవాళ్లు సగం తగ్గేవారు.

ప్రైవేటువాళ్లయితే నెగ్గుకొచ్చేవారని ఇంకో మాట. 1994లో తలుపు తెరిచాక వాళ్లూ మొదట పోయింది మాగాణికే. అందుకే పెద్ద రూట్లలో తిరిగేవాడు ఈశాన్యానికీ కొంత తిరగాలని ప్రభుత్వం షరతు పెట్టాల్సి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో, చిన్న ఊళ్ల విమానాలకు కేంద్రం సాయమిచ్చే ఉడాన్ పథకం కింద విమానాలు మొదలైన రోజునే హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ కడపకు, నాందేడ్‌కు విమానాలు నడిపింది. 2022 కల్లా అదీ ఆగింది. ఉడాన్‌లో మెచ్చుకోవాల్సింది ఒకటుంది: పెద్ద రూట్ల మీద సుంకం వేసి చిన్న రూట్లకు పంచారు. లోపం గడువులో ఉంది, సాయం మూడేళ్లే. కాగ్ లెక్క ప్రకారం కేటాయించిన 774 రూట్లలో 371 మొదలయ్యాయి, మూడేళ్లూ నిండినవి 112, సాయం ఆగాక 2023 మార్చి నాటికి మిగిలినవి 54. ప్రైవేటు చేతిలోనూ మెట్ట మెట్టగానే ఉంది.

బస్సెక్కేవాడి పన్నుతో విమానమెక్కేవాడికి చవక టికెట్టు ఎందుకన్నది వీటన్నిటిలోకీ బలమైన ప్రశ్న. రాజమండ్రి లాంటి ఊరి విషయంలో నా దగ్గర గట్టి జవాబు లేదు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటాం; ఆ ఊరి విమానం తన ఖర్చు తానే రాబట్టుకోవాలి. అరుణాచల్ లోయల్లో మాత్రం కొండచరియ విరిగితే రోడ్డే ఉండదు. అక్కడ విమానాన్ని ఆసుపత్రి లెక్కన, బడి లెక్కన చూడాలి; ఆ రెండింటినీ లాభమెంతని ఎవరూ అడగరు. సాయం అన్ని ఊళ్లకూ సమానంగా కాక, దారిలేని ఊళ్లకు గడువు లేకుండా ఇవ్వాలి.

2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి పోయింది. చిన్న ఊళ్లకు తిరిగే అలయన్స్ ఎయిర్ మాత్రం ప్రభుత్వానికే మిగిలింది. ఆ ఏప్రిల్‌లో అది డిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కు సర్వీసు మొదలుపెట్టింది. ఎగిరింది కాన్పూర్ డోర్నియర్ 228, ఈసారి పదిహేడు సీట్లతో.