శాలిహుండం కొండ, గిడుగు, మా నాన్న

మొన్న ఉగాదికి నిమ్మాడ వెళ్ళినప్పుడు ఇంటిల్లిపాదీ శాలిహుండం వెళ్ళొచ్చాం. మడపాం దగ్గర వంశధార వంతెన దాటి, హైవే వదిలి కళింగపట్నం వైపు తిరగాలి. సాంచీ దాకా వెళ్ళి చూసొచ్చిన నేను, మా జిల్లాలోని ఈ కొండ ఎక్కడం ఇదే మొదటిసారి.

నాన్నకి మోకాళ్ళు సహకరించవు. కింద చెట్టు నీడన కూర్చోబెట్టి మేం పైకెక్కాం. ఎక్కేకొద్దీ గుండ్రటి ఇటుక కట్టడాలు. "ఇవేటి బాబూ, ఇటుకబట్టీలా?" అంది అమ్మ. కాదు, స్తూపాలు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచిందని చరిత్రకారుల అంచనా. తవ్వకాల్లో ధాతుపేటికలు దొరికాయి. తార, మారీచి విగ్రహాలూ దొరికాయి కాబట్టి మహాయాన, వజ్రయానాలు కూడా ఈ కొండకి చేరాయన్నమాట.

పేరు మీద రెండు మాటలున్నాయి. శాలివాటిక అంటే వరిధాన్యానికి నెలవని కొందరు, శల్యపేటిక అంటే అస్థికల పెట్టె అని కొందరు. పైనుంచి చూస్తే కింద వంశధార, పొలాలు. కాళ్ళ దగ్గర స్తూపాలు. నాకైతే ఏ పేరునీ కాదనబుద్ధి కాలేదు.

ఈ చోటుని 1919లో మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగే! 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. ముఖలింగం గుళ్ళలోని శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నాడు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. పండితులు పట్టించుకోని మాటనీ, జనం పట్టించుకోని ఇటుకనీ ఆయన ఒకే కంటితో చూశాడనిపిస్తుంది. భాషోద్యమం గురించి అంత రాసుకున్నాం గానీ, ఆయన చరిత్ర కృషిని పక్కన పెట్టేశాం.

దిగొచ్చి పులిహోర తింటూ నాన్నకి ఈ సంగతి చెప్పాను. ఆయన తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. కాసేపు మాట్లాడలేదు.

"ముప్పై ఏళ్ళు గిడుగు జయంతికి ఉపన్యాసం ఇచ్చేన్రా. ఈ కొండ గురించి ఒక్క ముక్క చెప్పలేదు," అన్నారు.

కారెక్కాక మళ్ళీ ఆయనే అన్నారు: "ఆ ఫోటోలు ఫోన్లో ఉంచకు. ప్రింటు తీయించు. ఆగస్టు 29కి బడివాళ్ళు పిలిస్తే పిల్లలకి చూపిస్తాను."