వోల్టేజి స్టెబిలైజర్

వోల్టేజి స్టెబిలైజర్ ఇంటి లైన్‌లోని హెచ్చుతగ్గులను సరిదిద్ది ఉపకరణాలను కాపాడే సాధనం. భారతదేశంలో గృహ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అటూఇటూ 6 శాతం తేడాను (సుమారు 216–244 వోల్టులు) నిబంధనలు అనుమతిస్తాయి.

త్రీఫేజ్ లైన్‌లో న్యూట్రల్ తీగ తెగితే, తక్కువ లోడున్న ఫేజు ఇళ్లలో వోల్టేజి 400కు చేరువ కావచ్చు. స్టెబిలైజర్‌లోని రిలేలు టిక్కుమంటూ ఆటోట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులను మారుస్తాయి. పరిధి దాటితే సరఫరాను ఆపే రకాలూ ఉన్నాయి. ఫ్రిజ్ రకాలు కరెంటు తిరిగొచ్చాక కంప్రెసర్‌ను కొన్ని నిమిషాలు ఆగి నడుపుతాయి. మామూలు ఎంసీబీ అధిక కరెంటునే ఆపుతుంది, అధిక వోల్టేజిని కాదు. పిడుగుల వల్ల వచ్చే క్షణిక సర్జ్‌లకు వేరిస్టర్‌తో కూడిన సర్జ్ ప్రొటెక్టర్ అవసరం.